సోమాలమ్మ గట్టెక్కిన అమావాస్య

భాద్రపద శుద్ధ ఏకాదశి

పడవల్ని గట్టు మీదకు లాగే వించి చక్రానికి పన్ను మళ్ళీ విరిగింది. పోయిన నెల అతికించిన చోటే. గట్టెక్కుతున్న పడవ గొలుసు జారి వెనక్కి నీళ్ళలోకి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కొత్త చక్రం కావాలని రేవు సంఘానికి చైత్రంలో చెప్పాను. విరిగిన ముక్కను ఈసారి ఇత్తడి పోసి అతికించాను. ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

పడవలకు తొడిగే బతికున్న తోలుకు వేసే మేత ఈసారీ సగం బస్తాలే వచ్చాయి. చేపపొట్టు, చెడిన బెల్లం కలిపిన ఆ ముద్దను నీళ్ళలో కరిగించి పడవల పక్కలకు చీపురుతో పూసేది నూకాలక్క. గట్టురేవు షెడ్డులో ఆవిడకన్నా పాత మనిషి లేదు. బస్తాలు చూసి పెదవి విరిచింది.

"ఏ పడవకి ఎయ్యను, ఏ పడవకి మానను? నువ్వే సెప్పు వేణమ్మా."

"అన్నిటికీ సగం సగం వెయ్యి."

"సగం తిన్నది ఊరుకోదమ్మా. ఇంకా అడుగుద్ది."

అప్పుడా మాట పట్టించుకోలేదు. పడవలకు తోలు తొడగడం మొదలయ్యాక పుట్టిన పిల్లలకు పడవ కారడమంటే ఏమిటో తెలియదు. రాయి గీసుకుని చిల్లు పడితే తెల్లారేసరికి తోలే పూడ్చుకుంటుంది. మా తాతల కాలంలో బల్లల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం నూనె పట్టించేవాళ్ళట. ఆ పని వచ్చినవాళ్ళు ఇప్పుడు మా షెడ్డులో నూకాలక్క, నేను మాత్రమే.

సాయంత్రం పీతల గురవయ్య తన చిన్న పడవ తెచ్చాడు. మునుపటిలా ముందుకు పోవడం లేదట, తెడ్డు వేస్తే బద్ధకంగా కదులుతోందట. సుత్తితో పక్కన తట్టాను. కర్ర మీద కొట్టిన చప్పుడు రాలేదు. పండిన గుమ్మడికాయ మీద కొట్టినట్టుంది.

"కొంచెం కోసి చూస్తాను గురవయ్యా."

"నీరు రావట్లేదు కదమ్మా. నీరు రాని పడవని కోత్తారేంటి?"

బతిమాలితే అరచేయంత మేర కోయనిచ్చాడు. తోలు వెనక, పడవకు పక్కటెముకలా నిలిచే పక్కకర్ర మీద వేలు పెట్టాను. టీలో వేసిన రస్కులోకి దిగినట్టు వేలు లోపలికి దిగింది. గురవయ్య చూసి, పాత కర్ర కదా అన్నాడు. పడవ తీసుకుని వెళ్ళిపోయాడు.

పౌర్ణమి

పోటు బాగా వచ్చింది. నాలుగు పడవలు గట్టెక్కించాం. ఇత్తడి పన్ను నిలిచింది. ఈ రోజుకు అదొక్కటే మంచి సంగతి.

నాలుగింటినీ కోసి చూశాను. రెండు బాగున్నాయి. రెండింటి పక్కకర్రలు గురవయ్య పడవలాగే ఉన్నాయి. బాగున్న రెండూ కొత్తగా తోలు తొడిగినవి. నూకాలక్క కోసిన తోలు లోపలి వైపు చూపించింది. సన్నని వేర్లు, తెల్లగా, కర్రలోకి దిగి ఉన్నాయి.

"మేత సరిపోక కర్రని తింటంది" అంది. "దానికి మాత్రం ఆకలుండదా?"

తోలులో కోసిన కిటికీలు రేపు సంఘం వాళ్ళకు చూపిద్దామని అలాగే వదిలేశాను.

బహుళ పాడ్యమి

పొద్దున వచ్చేసరికి కిటికీలు లేవు. రాత్రికి రాత్రి తోలు పూడ్చేసుకుంది. నున్నగా, తడి తడిగా మెరుస్తోంది. సంఘం అధ్యక్షుడు ధనరాజు గారు నాలుగు పడవల చుట్టూ తిరిగి, "నవనవలాడుతున్నాయి కదమ్మా" అన్నారు. నేను బ్లేడు తీసుకుని ఆయన ముందే మళ్ళీ కోశాను. తొంగి చూశారు. వేలు పెట్టమన్నాను, పెట్టలేదు.

ఆయన చెడ్డమనిషి కాదు. పన్నెండు లంకలకు బియ్యం, మందులు పడవల మీదే వెళ్ళాలి. "ఈ మాట బైటికెళ్తే రేపు ఒక్క పడవా కదలదు వీరవేణీ. బియ్యం ఎవరు మోస్తారు? ఎక్కువ మేత పంపమని పైకి రాస్తాను. అందాకా నీరు వచ్చే పడవల్ని మాత్రం విప్పండి."

"నీరు రాదండీ. అదే కదండీ గొడవ. విరిగేదాకా నీరు రాదు."

"రాస్తానన్నాను కదమ్మా" అని వెళ్ళిపోయారు.

ఆ కోపంలో గొలుసుకు గ్రీజు పూస్తూ వేళ్ళు చితక్కొట్టుకున్నాను.

బహుళ తదియ

సోమాలమ్మ వచ్చింది. మా రేవులో అన్నిటికన్నా పెద్ద పడవ అదే. పొద్దున్నే నడిలంక నుంచి నూరు మందిని ఈ గట్టుకు తెస్తుంది, సాయంత్రం మళ్ళీ దించుతుంది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, ఆసుపత్రికి వచ్చేవాళ్ళు, అందరికీ అదొక్కటే దారి. నడిపే సరంగు భైరవస్వామి, మా మేనత్త కొడుకు. చుక్కాని మేకు అరిగిందని తెచ్చాడు.

మేకు మార్చి, అడగకుండానే సుత్తి తీసుకుని పడవ పొడుగునా తట్టుకుంటూ వెళ్ళాను. ముందు భాగం గట్టిగానే పలికింది. నడుము దగ్గర్నించి వెనక్కి చప్పుడు మెత్తబడింది.

"ఏమే వేణీ, దానికేమన్నా జొరమొచ్చిందా? నాడి చూత్తన్నావు."

"అమావాస్య పోటుకి గట్టెక్కించాలి బావా. పక్కకర్రలు మార్చాలి. నెల పడుతుంది."

నవ్వుతున్నవాడు ఆగిపోయాడు. "నెలా?"

"తక్కువలో కాదు."

"నీకు గుర్తు లేదా? ఇంజను పోయి పది రోజులు ఆపితే లంకోళ్ళు డ్రమ్ములు కట్టుకుని దాటారు. ఇద్దరు పోయారు. వాళ్ళిళ్ళ ముందు నుంచే రోజూ నడుత్తాను నేను. గాలులకాలం దాటనీ. అప్పుడు నువ్వేం సెప్తే అదే."

"గాలులకాలంలోనే ఇది విరుగుతుంది బావా."

"ఎప్పుడు విరుగుద్దో సెప్పు. ఫలానా రోజని సెప్పు, ఆ రోజు ఆపేత్తాను."

ఏ రోజని చెప్పను? చుక్కాని చేత్తో ఊపి చూసుకుని, బాగుంది అని వెళ్ళిపోయాడు.

బహుళ అష్టమి

గురవయ్య పడవ మడతపడిపోయింది. విరగలేదు, మునగలేదు, మధ్యకు మడతపడింది. నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల మీదకు ఎక్కినప్పుడు ముందూ వెనకా పైకి లేచి, నడుము కిందకు దిగబడి, సంచిలా మూసుకుందట. గురవయ్య కాళ్ళు లోపల ఇరుక్కుపోయాయి. పక్కన వలలేసేవాళ్ళు కత్తితో తోలు కోసి బయటకు లాగారు. ఒక కాలు విరిగింది. మనిషి బతికాడు.

పడవను తాళ్ళతో ఈడ్చుకొచ్చారు. ఇసుకలో పడేస్తే తడి గోనెసంచిలా పడింది. ఇంత జరిగినా తోలులో ఒక్క చిల్లు లేదు, వాళ్ళు కోసింది తప్ప. అదీ అప్పటికే అంచులు కలుపుకుంటోంది.

బావకు కబురు పెట్టాను. వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని పక్కలు నొక్కి చూశాడు.

"ఇది సిన్న పడవ" అన్నాడు. "సోమాలమ్మ కర్ర వేరు. మా నాన్న ఏరి తెచ్చిన తుమ్మ."

"తోలుకి మీ నాన్న తెలుసా?"

అనకుండా ఉండాల్సింది. లేచి వెళ్ళిపోయాడు. ధనరాజు గారు వచ్చి పడవ చుట్టూ తిరిగి చూశారు. కానీ పడవలు ఆపమనలేదు.

బహుళ త్రయోదశి

ఈ రోజు పని నూకాలక్కకు అప్పజెప్పి సోమాలమ్మ మీద నడిలంకకు వెళ్ళొచ్చాను. బావ నన్ను చూసీ చూడనట్టు ఇంజను వేశాడు.

కాలువ దాటి లోతు నీళ్ళలోకి వెళ్ళాక అలలు మొదలయ్యాయి. కర్ర గట్టిగా ఉన్న పడవయితే అల తగిలినప్పుడు ఒళ్ళు ఝల్లుమంటుంది. సోమాలమ్మ అలను తన కింద నుంచి సాగనంపింది. నా పాదాల కింద బల్లలు పైకి లేచి, మళ్ళీ మెల్లగా కిందికి దిగాయి. ఎవరో నిద్రలో ఊపిరి పీలుస్తున్నట్టు.

నా పక్కన కాసులమ్మ కూర్చుంది. ఐసు ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే మనిషి, ఎప్పుడూ వక్కపలుకు బుగ్గనే ఉంటుంది.

"ఈ మద్దెన ఎంత మెత్తగా పోతందో సూడమ్మా. ఉయ్యాల్లో ఉన్నట్టుంది. నడుం నొప్పే తెలీడం లేదు. మీ షెడ్డోళ్ళు ఏం సేశారో గానీ, సల్లగా ఉండండి."

అవతల కూర్చున్న మాణిక్యం అత్త, బావ తల్లి, చేపల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, "మా వేణి సెయ్యి పడితే అంతే" అంది.

ఆ పడవలో నూరు మంది ఉన్నారు. పక్కబల్ల పట్టుకుని కూర్చున్నాను, దిగేదాకా చెయ్యి వదల్లేదు.

గట్టుకు వచ్చాక బావను పక్కకు పిలిచి మళ్ళీ అడిగాను. దసరా వెళ్ళనీ అన్నాడు. దసరా తరువాత ఇంకేదో అంటాడు. నా మాట మీద నాకే విసుగొచ్చింది.

మహాలయ అమావాస్య

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున సోమాలమ్మ జనాన్ని దించాక, చుక్కాని మేకు మళ్ళీ చూడాలి, షెడ్డు ముందుకు తెచ్చి కట్టమని బావతో చెప్పాను. మేకు బాగానే ఉంది. అది అబద్ధం. తెచ్చి కట్టి, ఇంజను నూనె కోసం బజారుకు వెళ్ళాడు. పోటు నిండుగా ఉంది. గొలుసు తగిలించమన్నాను.

"అడక్కుండానా?" అంది నూకాలక్క. "అందులోనూ మాలయ అమాస నాడు?"

"అడిగాను కదక్కా. మూడుసార్లు."

ఆవిడ గొలుసు చివర పట్టుకుని నీళ్ళలోకి దిగింది. వించి మీద ఆరుగురం తిప్పాం. సోమాలమ్మ గట్టెక్కింది.

ఇంతటితో ఆగితే బావ వచ్చి మళ్ళీ నీళ్ళలోకి తోసేస్తాడు. అందుకని పెద్ద రంపం తీసుకుని నడుము దగ్గర తోలు, బల్లలు కలిపి పై అంచు నుంచి అడుగు దాకా రెండు పక్కలా కోసేశాను. తోలు రాత్రికి కలుపుకోకుండా కోతలో ఇనుప రేకులు దించాను. రంపానికి తోలు అడ్డుపడింది గానీ కర్ర పడలేదు. వెనక సగంలో పక్కకర్రలు ఉండాల్సిన చోట తెల్లని వేర్లే ఉన్నాయి, కర్రల ఆకారంలో. ముందు సగంలో కర్ర కర్రలాగే ఉంది.

బావ నూనె డబ్బాతో వచ్చాడు. డబ్బా కింద పెట్టాడు. కోత దగ్గరకు వచ్చి, లోపలికి చెయ్యి పెట్టి, వేర్లు గుప్పెడు లాగి చూశాడు. తరువాత ముందు భాగానికి వెళ్ళి అక్కడి కర్రను పిడికిలితో గుద్దాడు. గట్టిగా పలికింది.

"ఇంకో నెల వచ్చేది" అన్నాడు.

"రాకపోతే?"

"వచ్చేదేమో. నీకూ తెలీదు, నాకూ తెలీదు." నా వైపు చూడకుండానే అన్నాడు. "నన్ను నూనెకి పంపి కోశావు వేణీ. నా ముందు కోసుంటే పట్టుకునేవాణ్ణి, నిజమే. అయినా నా ముందే కొయ్యాల్సింది."

సాయంత్రం నడిలంక జనం రేవుకు వచ్చారు. గట్టు మీద రెండు ముక్కలుగా ఉన్న పడవను చూసి నా మీదకు వచ్చారు. ఇంట్లో పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళు, పాలిచ్చే తల్లులు కేకలు వేశారు. కోత చూపించాను. కొందరు చూశారు, కొందరు చూడం పొమ్మన్నారు. బావే చిన్న పడవలు పిలిచి, తట్టి గట్టిగా పలికినవి నా చేత ఏరించి, గుంపులు గుంపులుగా దాటించాడు. నన్ను ఏరమన్న మాటలే ఆ రోజు నాతో అన్న చివరి మాటలు.

ఆశ్వయుజ శుద్ధ చవితి

ధనరాజు గారు తుమ్మ దుంగలు తెప్పించారు. సోమాలమ్మను చూశాక ఆయన రాయడం మానేసి స్వయంగా వెళ్ళి అడిగారట. మేత కూడా నిండుగా వస్తుందన్నారు. నమ్మకం లేదు. సోమాలమ్మకు తోలు పూర్తిగా తీసేస్తున్నాం. మళ్ళీ నూలు, గుగ్గిలం. తోలు తీయడమే గండంగా ఉంది. పొద్దున ఒలిచిన చోట సాయంత్రానికి పల్చగా కమ్ముకుంటోంది. నూకాలక్క సున్నం పూసి చంపుతోంది. "ఇన్నేళ్ళు తినిపించిన సేత్తోనే" అని గొణుక్కుంటూ.

దుంగల్లో రెండు లోపల పుచ్చు. బాడిస పిడి ఊడింది. వానకు షెడ్డు కప్పు కారి, ఆరబెట్టిన నూలు తడిసింది. బావ రోజూ చిన్న పడవలతో తిరుగుతున్నాడు. షెడ్డు ముందు నుంచే వెళ్తాడు, తల తిప్పడు.

శుద్ధ నవమి

నిన్న సాయంత్రం తూర్పుగాలి ఒక్కసారిగా లేచింది. బావ నడుపుతున్న పడవ లంకకు దగ్గరలో తిరగబడింది. తొమ్మిది మంది. ఎనిమిది మందిని బావ, వెనక పడవవాళ్ళు పైకి లాగారు. కాసులమ్మ దొరకలేదు. బావ చీకటి పడేదాకా మునుగుతూనే ఉన్నాడట, చివరకు వాళ్ళే బలవంతాన పడవలోకి లాక్కున్నారట. ఈ పొద్దున మడచెట్ల వేర్ల దగ్గర శవం దొరికింది.

పడవకు ఏమీ కాలేదు. కర్ర గట్టిది, నేనే ఏరి పంపాను. పెద్ద పడవయితే ఆ గాలికి తిరగబడేది కాదని రేవంతా అంటోంది. నిజమే. ఆ గాలికి సోమాలమ్మ నడుం నిలిచేదా అని నేను అనుకోవచ్చు. అనుకున్నాను కూడా. దానివల్ల ఏమీ తేలిక కాలేదు.

నడిలంకకు వెళ్ళాను. కాసులమ్మ కూతురు వరండాలో కూర్చుని ఉంది. కుర్చీ వేశారు. కూర్చోలేక కాసేపు నిలబడి వచ్చేశాను. తిరిగి వచ్చి చీకటి పడేదాకా బాడిసతో కర్ర చెక్కాను. కొలత తప్పి ఒకటి పాడుచేశాను. రేపు మళ్ళీ చెక్కాలి.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

పక్కకర్రలన్నీ బిగించాం. బల్లలు కొట్టాం. నూకాలక్క, నేను పొద్దున్నుంచి సందుల్లో నూలు కూరుతున్నాం. వేళ్ళు పగిలాయి. గుగ్గిలం పొగకు కళ్ళు మండుతున్నాయి. వించి పన్ను ఇంకోటి విరిగింది. చక్రం తిరగేసి బిగించాను. కొత్తది వస్తుందట, అదే మాట.

మిగతా పడవల్ని వంతులవారీగా విప్పుతున్నాం. ఇప్పుడు యజమానులే తెచ్చి కోయమంటున్నారు. షెడ్డు ముందు చోటు లేదు. వరస తప్పిందని ఇద్దరు నాతో పోట్లాడారు.

కార్తీక శుద్ధ పాడ్యమి

సోమాలమ్మను నీళ్ళలోకి దించాం. అమావాస్య పోటు ఇంకా తగ్గలేదు, ఇబ్బంది లేకుండా దిగింది. రెండు రోజుల ముందు నుంచే లోపల నీళ్ళు పోసి కర్ర నాననిచ్చాను. అయినా అడుగున కొంచెం చేరితే బావే పనికుర్రాడిలా డబ్బాతో తోడిపోశాడు.

నడిలంకకు ఖాళీగా వెళ్ళాం, అతను చుక్కాని దగ్గర, నేను ఇంజను దగ్గర. అక్కడ రేవులో జనం నిలబడి ఉన్నారు. పడవ ఆగింది. ఎక్కడానికి పలక వేశారు. ఎవరూ ఎక్కలేదు. అమావాస్య నాడు దాని కడుపులోకి తొంగి చూసినవాళ్ళే సగం మంది. కొత్త కర్ర అని నేను చెప్పాను. గట్టిదని బావ చెప్పాడు. చిన్న పడవలే నయం అని వెనక ఎవరో అన్నారు. ఇంకెవరో కాసులమ్మ పేరెత్తారు. బావ చుక్కాని మీద నుంచి చెయ్యి తీసేసి తలవంచుకున్నాడు.

మాణిక్యం అత్త గుంపును తోసుకుంటూ వచ్చింది, నెత్తిన చేపల బుట్టతో.

"తప్పుకోండి. కార్తీకమని సగం ఊరు సేపలు మానేసింది. తినే సగం మందికీ పొద్దున్నే అందకపోతే ఇవి నేనేం సేసుకోను? కాసులు పోయిందని ఏడిశాను. ఇంకా ఏడుత్తాను. సేపలు నాకోసం ఆగవు."

పలక మీద నడిచి వచ్చి, నడుము దగ్గర, నేను కోసిన చోటే కూర్చుంది. బుట్ట పక్కన పెట్టుకుని కొడుకు వైపు చూసింది. కాసేపటికి కాసులమ్మ కూతురు ఎక్కింది. అత్త బుట్ట జరిపి చోటిచ్చింది. తరువాత ఒకరొకరుగా ఎక్కారు. అందరూ కాదు.

లోతు నీళ్ళలో అల తగిలింది. పడవ ఒళ్ళంతా ఝల్లుమంది. ఇద్దరు ముగ్గురు గట్టిగా దేవుణ్ణి తలుచుకున్నారు. నడుము నొప్పి అని ఒకావిడ అప్పుడే సణగడం మొదలుపెట్టింది.

గట్టురేవులో జనం దిగాక, తాడు కడుతూ బావ నా వైపు తిరిగాడు. నెల దాటింది అతను నా మొహం చూసి.

"వేణీ, ఇంజను పక్క బల్ల కిర్రుమంటంది. దారంతా బుర్ర తినేసింది. సాయంత్రం జనం రాకముందే సూసి పెట్టు."

కొత్త కర్ర కొన్నాళ్ళు అలాగే అరుస్తుంది, దానికి చేసేదేమీ లేదు. ఆ మాట చెప్పొచ్చు.

"చూస్తాను బావా" అన్నాను. సుత్తి తెచ్చుకోవడానికి షెడ్డులోకి వెళ్ళాను.